రూత్ మేడమ్ కుట్టిన తెల్ల కాగితాలు

నాంపల్లిలో యూసుఫ్ బైండింగ్ దుకాణం మెట్లు ఎక్కుతుండగానే లై వాసన ముక్కుకు తగిలింది. మైదాపిండిని నీళ్ళలో కలిపి, చిటికెడు మైలుతుత్తం వేసి, సన్న మంట మీద ఉడికిస్తే వచ్చే వాసన అది. ఇప్పుడందరూ డబ్బాల్లో దొరికే తెల్ల గమ్ము వాడుతున్నారు. యూసుఫ్ మాత్రం లైబ్రరీ పుస్తకాలకు ఇంకా లై ఉడికిస్తాడు, నేను పోరు పెడతాను కాబట్టి. నా చేతిలో ఒక కొత్త పుస్తకం ఉంది. ఈమధ్య ఊరంతా గొడవ చేస్తున్న రాజకీయ పుస్తకమే. దాని పేరు చెప్పను. అట్ట రంగు కూడా చెప్పను. చెబితే ఏ పార్టీదో మీకు తెలిసిపోతుంది, ఆ తర్వాత నేను చెప్పేది మీరు సగం చెవితోనే వింటారు. టీవీల్లో దాని మీద రోజూ అరుచుకుంటున్నారు. మా లైబ్రరీలోంచి తీసెయ్యమని కొందరు, ముందు బీరువాలో అద్దం వెనక పెట్టమని కొందరు నా బల్ల ముందు నిలబడి వెళ్ళారు. నిజం చెబుతున్నాను, తీసెయ్యమన్నవాళ్ళ పక్కనే నా మనసు కూడా నిలబడింది. మొదటి అధ్యాయం చదివేసరికే నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ పుస్తకాన్ని బైండింగుకు మోసుకొచ్చింది నేనే. ఆ లై వాసనలో నిలబడి, ఇలా నా చేత నాకిష్టం లేని పని చేయిస్తున్న మనిషిని తలుచుకున్నాను.

ఆవిడ పేరు రూత్ సులోచన. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీలో, బ్యాంకుల వెనక సందులో ఒక ట్రస్టు నడిపే చిన్న లైబ్రరీకి చాలా ఏళ్ళు లైబ్రేరియన్‌గా ఉన్నారు. మెదక్‌లో మిషన్ బడి పంతులుగారి పెద్దమ్మాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే ‘టైం దొరకలే’ అనేవారు, అక్కడితో ఆ మాట ముగిసేది. లైబ్రరీ వెనకే ట్రస్టు ఇచ్చిన రెండు గదుల్లో ఉండేవారు. గంజి పెట్టిన నూలు చీర, కళ్ళద్దాలకు నల్లతాడు, ఆదివారం చర్చికి వేసుకునే చెప్పులు వేరు, మిగతా రోజుల చెప్పులు వేరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు కింద కూర్చుని ఆవిడ మాట్లాడుతుంటే సందు చివర చాయ్ తాగేవాళ్ళకు కూడా వినిపించేది. నేను డిప్లొమా పూర్తి చేసి, గౌలిగూడలో మా ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉద్యోగం దొరికిందన్న సంతోషంలో అక్కడ చేరాను. నాకు పని నేర్పింది, నా నోటి దురుసును భరించింది, దాన్ని పూర్తిగా మాన్పించకుండా కాస్త దారిలో పెట్టింది ఆవిడే.

చేరిన కొత్తలో ఒకరోజు నేను రబ్బరు పట్టుకుని శ్రద్ధగా కూర్చున్నాను. రాజకీయ పుస్తకాల అంచుల్లో పాఠకులు పెన్సిలుతో తిట్లు రాసి పోయేవారు. ‘దొంగ’, ‘అబద్ధం’, ‘నీ నాయకుడు నిన్ను ముంచుతాడు’, ఇంకా ఇక్కడ రాయలేనివి. అవన్నీ చెరిపి మార్కులు కొట్టేద్దామని నా ఆశ. మేడమ్ వచ్చి నా తలమీదుగా చూశారు.

“ఏం చేస్తున్నవ్ అరుణా?”

“పాడు రాతలు మేడమ్. తుడుస్తున్న.”

“ఎవరు రాసిన్రో తెలుసా?”

“ఎట్ల తెలుస్తది మేడమ్?”

“గదే కద బాధ,” అంటూ ఆవిడ నా ఎదురుగా కూర్చున్నారు. “తిట్టినోనికి కోపమొచ్చింది, తిట్టిండు. దాంట్ల నాకేం తప్పు కనవడ్తలేదు. తిట్టి, పేరు చెప్పకుంట పోయిండు చూడు, గది తప్పు. నువ్వు తుడుస్తవ్, వాడు మళ్ళ రాస్తడు. నీ రబ్బరు అరుగుతది.”

ఆ తర్వాత గురువారం, లైబ్రరీకి సెలవు రోజు, ఆవిడ నన్ను వెనక వరండాలోకి పిలిచారు. కిరోసిన్ స్టవ్ మీద లై ఉడుకుతోంది. వదులైపోయిన పుస్తకాలను ఆవిడే స్వయంగా కుట్టి, అట్టలు వేసేవారు. బైండింగుకు తీసిన పుస్తకం స్థానంలో అల్మారాలో ఒక చెక్కముక్క నిలబెట్టి, పుస్తకం ఎక్కడికి పోయిందో, ఎందుకు పోయిందో కాగితం మీద రాసి దానికి అంటించేవారు. ‘పుస్తకం లేకపోతే లేదని చెప్పాలె, ఖాళీ జాగ పెట్టొద్దు’ అనేవారు. ఆ రోజు నేను చూసిన కొత్త సంగతి ఇంకొకటి ఉంది. రాజకీయ పుస్తకాలకు మాత్రం చివర కొన్ని తెల్ల కాగితాలు కలిపి కుట్టారు. ఎందుకని అడిగితే, కొట్లాడుకోవడానికి అన్నారు. పుస్తకం మీద ఎవరికి కోపమొచ్చినా ఆ తెల్ల కాగితాల మీద రాసుకోవచ్చు. కాకపోతే పుస్తకం ఆఖరి దాకా చదివి ఉండాలి, బూతులు ఉండకూడదు, ఇంకొకరి రాతను కొట్టెయ్యకూడదు, కింద సొంత పేరు రాసి సంతకం పెట్టాలి. అంచుల్లో రాస్తే సభ్యత్వం పోతుంది. వెనక రాస్తానంటే మాత్రం ఆవిడే లేచి కుర్చీ వేసేవారు. ఇది ఏ డిప్లొమాలోనూ లేదు, నేను చదివిన పాఠం ప్రకారం పుస్తకంలో గీత గీయడమే నేరం. ఆ మాట అంటే, ‘నీ డిప్లొమా నీదగ్గరనే ఉండనియ్యి, దారం అందుకో’ అన్నారు.

విచిత్రం ఏమిటంటే అది పనిచేసింది. పేరు పెట్టాలనేసరికి సగంమంది వెనక్కి తగ్గేవారు. మిగిలిన సగం నిదానంగా రాసేవారు. రిటైరైన ఇద్దరు గుమాస్తాలు ఒకే పుస్తకం వెనక కొన్నేళ్ళపాటు వంతులవారీగా పోట్లాడుకున్నారు. ఒకాయన రాసిపోతే, రెండో ఆయన మర్నాడే వచ్చి జవాబు ఏమిటో చూసుకుని, మూతి ముడుచుకుని, పెన్ను తీసేవాడు. కొన్నాళ్ళకు కాగితాలు అయిపోయాయి, మేడమ్ మళ్ళీ కుట్టారు. ఒక సాయంత్రం నేను మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్లు కొంటుంటే, ఆ ఇద్దరూ ఐస్‌క్రీమ్ దుకాణం ముందు పక్కపక్కన కూర్చుని సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటూ కనిపించారు. అప్పుడు కూడా వాదించుకుంటూనే ఉన్నారు. మర్నాడు మేడమ్‌తో చెబితే పగలబడి నవ్వారు. ‘మరి మీరెందుకు రాయరు మేడమ్?’ అని అడిగాను. ‘నేను రాస్తె అందరు నా దిక్కు చూసి రాస్తరు. లైబ్రేరియన్ రాయొద్దు’ అన్నారు. ఆ జవాబు నాకు చాలా గొప్పగా తోచింది. నేను కూడా రాయలేదు.

ఇలాంటి గొడవ పుస్తకమే ఇంకొకటి అప్పట్లో మా లైబ్రరీకి వచ్చేసరికి నేను పనిలో కుదురుకుని ఉన్నాను. ఒక పార్టీలో పెద్ద ఉపన్యాసకుడు రాసినది. దాని పేరూ చెప్పను. తమ పార్టీ ఎంత గొప్పదో, ఎదుటి పార్టీ ఎంత నీచమైనదో, మధ్యలో ఎవరెవరు వెన్నుపోటు పొడిచారో పేర్లతో సహా రాశాడు. బయటికి వచ్చిన వారంలోనే అబిడ్స్ చౌరస్తాలో దాని కాపీలు తగలబెట్టారు, ఆ పక్కనే దాన్ని బల్ల మీద పోసి అమ్మారు. పత్రికల్లో ఖండనలు, ఆ ఖండనల మీద ఖండనలు. నాకు మొదట్లో అదంతా తమాషాగా ఉండేది. ఒకరోజు ఇంటికి వెళ్తే నాయన దుకాణం మూసి, పెందలాడే ఇంట్లో కూర్చుని ఉన్నాడు. మాది గౌలిగూడలో ఇనుప సామాను దుకాణం. మేకులు, గొలుసులు, బకెట్లు, తాళ్ళు. నాయన పేరు విఠలయ్య. పెళ్ళిళ్ళకు, చావులకు తప్ప దుకాణం వదిలి ఎక్కడికీ వెళ్ళని మనిషి. అమ్మ చెప్పింది, ఆ పుస్తకంలో నాయన పేరుందట. కొన్నేళ్ళ క్రితం ఆ పార్టీ పిలుపునిచ్చిన బంద్ రోజున, ఎదుటి పార్టీకి అమ్ముడుపోయి దుకాణం తెరిచి బంద్‌ను చెడగొట్టిన వర్తకుడు అని ఒక పేరాగ్రాఫు ఉందట. బజారులో ఎవరో ఆ పేజీ మడత పెట్టి, పట్టుకొచ్చి మరీ చూపించారు. నాయన రోజూ చాయ్ తాగే హోటల్లో ఆ సాయంత్రం ఆయన కూర్చోగానే మాటలు ఆగిపోయాయట. మర్నాటి నుంచి ఆయన హోటల్‌కు వెళ్ళడం మానేశాడు.

నేను ఊరుకునే దాన్ని కాదు. తెల్లారి లైబ్రరీ తలుపులు తీయగానే ఆ పుస్తకాన్ని అల్మారాలోంచి పీకి మేడమ్ బల్ల మీద పెట్టాను.

“గిది తీసెయ్యాలె మేడమ్. మా నాయన పేరు పెట్టి అబద్ధాలు రాసిండు.”

ఆవిడ ఆ పేజీ తీసి చదివారు. రెండుసార్లు చదివారు. ముఖం చిన్నబోయింది. నాయన అంటే ఆవిడకు గౌరవం, ప్రతి దసరాకు ఆయన పంపే జమ్మి ఆకు కళ్ళకద్దుకుని బైబిల్లో దాచుకునే మనిషి.

“నాకు గూడ కోపమొస్తుంది అరుణా,” అన్నారు. “మీ నాయన చదివిన్రా?”

“ఆ పేజీ చూపించిన్రంట.”

“పేజీ కాదు, పుస్తకం.”

“పుస్తకం చదువుడేంది మేడమ్? తిట్టినోని పుస్తకం మొత్తం చదవాల్నా?”

“ఔ. తిట్టినోని పుస్తకమే మొత్తం చదవాలె. మీ నాయనను రమ్మను. చదివినంక వెనక రాస్తరు. రాసినంక గూడ తీసెయ్యమంటె, అప్పుడు మాట్లాడుదం.”

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూతురిలా చూసుకుంటారనుకున్న మనిషి నాకు రూలు చదివి వినిపిస్తున్నారు. నోటికొచ్చింది అన్నాను. మీ తండ్రి పేరు బజారున పడితే మీకు తెలిసేది అని కూడా అన్నాను.  ఆవిడ ఆ పుస్తకం చోట్లో చెక్కముక్క నిలబెట్టి, వెనక వరండాలోకి వెళ్ళి స్టవ్ వెలిగించారు. ఆ రోజు గురువారం కాదు. అయినా ఆ పుస్తకాన్ని ముందుగా బైండింగుకు తీసి, మామూలుకంటే ఎక్కువ తెల్ల కాగితాలు కలిపి కుట్టారు.

ఈ సంగతి ఇంట్లో చెబితే నాయన నవ్వుతాడనుకున్నాను. ఆయన మాత్రం, ‘ఆమె చెప్పింది బరాబరే. నేను చదవకుంట ఏమంట?’ అన్నాడు. మధ్యాహ్నాలు గిరాకీ పలచబడే వేళ దుకాణం మా చిన్నాన్నకు అప్పగించి లైబ్రరీకి రావడం మొదలుపెట్టాడు. బిల్లుల మీద తప్ప కలం పెట్టని మనిషి. తూనికల సంఖ్యలు వేగంగా చదువుతాడు కానీ, అచ్చు పుస్తకం ముందుకు సాగేది కాదు. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, లైను లైను చదివేవాడు. కిటికీ పక్క బల్ల దగ్గర మేడమ్ ఆయన కోసం ఒక కుర్చీ విడిగా ఉంచారు. నాకు ఆయన్ని అలా చూడాలంటే సిగ్గుగా ఉండేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఆయన వచ్చే వేళకు నేనే సందు చివరికి చూసేదాన్ని.

ఒకరోజు నాయన పుస్తకం మూసి, వేలు లోపల పెట్టుకుని నన్ను పిలిచాడు. ఆ ఉపన్యాసకుడు తన చిన్నతనం గురించి రాసిన అధ్యాయం చదువుతున్నాడట. నాంపల్లి స్టేషన్ వెనక ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్ళు, తల్లి నాలుగిళ్ళలో పనిచేసేది, రైలు కూత విని టైం చూసుకునేవాళ్ళు.

“గీయన తల్లి నాకు ఎరుకనే,” అన్నాడు నాయన. “మన దుకాణంలనే బకెట్ కొనేది. చెవుల్లకు ఏమి లేకుండె పాపం, దారం పోగులు పెట్టుకునేది. గీడ దారం పోగుల గురించి రాసిండు. మంచిగ రాసిండు అరుణా.” పుస్తకంలోంచి వేలు తీసేశాడు. “గింత మంచిగ రాసెటోడు, నా గురించి ఒక్కపారి నన్ను అడిగి రాస్తె ఏం పోయె?”

మేడమ్ తన బల్ల దగ్గరనుంచి ఇదంతా విన్నారు.  ఆ రోజు చాయ్ ఆవిడే స్వయంగా చేసి తెచ్చి నాయన ముందు పెట్టారు.

పుస్తకం పూర్తయ్యాక నాయన వెంటనే రాయలేదు. కొన్నాళ్ళు తిరిగాడు. రాసిన రోజు నన్ను పక్కకు పొమ్మన్నాడు. ఆయన వెళ్ళిపోయాక చదివాను. ఆయన మాట ఎలా ఉంటుందో రాత కూడా అలాగే ఉంది. ‘నా పేరు విఠలయ్య. పుస్తకంల రాసిన దుకాణం నాదే. పుస్తకం మొత్తం చదివిన. బంద్ రోజు నా దుకాణం తెరిచి ఉన్న మాట నిజం. ఏ పార్టీ వాళ్ళు తెరవమనలేదు. మా గల్లీల ఒకరు చనిపోయిన్రు. పాడె కట్టనీకి తాడు కావాలని వచ్చిన్రు. అందుకు షట్టర్ ఎత్తిన. తాడు ఇచ్చినంక దించవలసి ఉండె. దించలే. గిరాకి వచ్చింది, సామాను ఇచ్చిన. అది నా తప్పు, ఒప్పుకుంటున్న. ఎదుటి పార్టీ మనిషినని రాసింది మాత్రం అబద్ధం.’ ఇంత రాసి సంతకం మరిచిపోయాడట. మేడమ్ సందు దాకా పరుగెత్తుకెళ్ళి వెనక్కి పిలిచి, సంతకం పెట్టించి పంపారు. నాకు గర్వంగా ఉండాల్సింది పోయి కోపం వచ్చింది. ఆ తప్పు సంగతి ఆయన్ని ఎవరు అడిగారు? తాడు దగ్గర ఆపేస్తే ఎంత బాగుండేది!

నాకే కాదు, అందరికీ కోపం వచ్చింది. వెనక పేజీల సంగతి బజారులో పొక్కింది. మొదట వర్తక సంఘం పెద్దమనిషి వచ్చాడు. బంద్ రోజు ఎవరూ ఏమీ అమ్మలేదని సంఘం తరఫున పత్రికలకు చెప్పింది ఆయనే. ‘విఠల్ గిట్ల రాసిస్తె మా మాటేం గాను? గా కాగితం తీసెయ్యుండ్రి’ అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆ ఉపన్యాసకుడి పార్టీ మనుషులు వచ్చారు. సార్ రాసింది అబద్ధమని ఆయన పుస్తకం వెనకే రాసి పెట్టడం ఏమిటి, ఆ కాగితం చింపెయ్యమన్నారు. ఆ తర్వాత ఎదుటి పార్టీవాళ్ళు వచ్చి కాగితం ఉండనిచ్చి పుస్తకం తగలెయ్యమన్నారు. మేడమ్ అందరికీ ఒకే ప్రశ్న వేశారు. ‘పుస్తకం ఆఖరి దాకా చదివిన్రా?’ ఒక్కరు కూడా చదవలేదు. కుర్చీ వేసి, చదవమని పుస్తకం చేతికిచ్చారు. ఒక్కరూ కూర్చోలేదు.

చివరికి ట్రస్టు చైర్మన్ గారే కారు దిగారు. మెత్తని మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోరు, అందుకే అన్ని పార్టీలవాళ్ళూ ఆయనకు ఫోన్ చేశారు. లైబ్రరీ నిండా మనుషులుండగానే బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పారు.

“రూత్ గారూ, ఇంత చిన్న లైబ్రరీకి ఈ తలనొప్పి ఎందుకమ్మా? ఆ పుస్తకం తీసెయ్యండి. పుస్తకమూ పోతుంది, దానితోపాటు కాగితమూ పోతుంది. ఎవరికీ బాధ ఉండదు.”

మేడమ్ గొంతు తగ్గించడం ఎరగరు. “తీసేస్త సార్. నాకేం ఇబ్బంది లేదు,” అన్నారు. సొరుగులోంచి ఒక చెక్కముక్క తీసి, దాని మీద అంటించే కాగితం, పెన్ను ఆయన ముందుకు జరిపారు. “పుస్తకం జాగల గిది పెడ్తం. ఎందుకు తీస్తున్నమో గీడ రెండు లైన్లు రాసి మీరు సంతకం పెట్టుండ్రి.”

“నేను రాయడమేమిటమ్మా?”

“తీయమన్నది మీరు కద సార్. విఠలయ్య గారు ఇనుప సామాను అమ్ముకునేటాయన. ఆయన తప్పు ఆయన పేరు పెట్టి రాసుకున్నరు. మీరు చైర్మన్.”

ఆయన పెన్ను చేతిలోకి తీసుకున్నారు. కాగితం వైపు చాలాసేపు చూశారు. చదువుకునేవాళ్ళందరూ తలలెత్తి చూస్తున్నారు. కిటికీ పక్క కుర్చీలో నాయన కూడా ఉన్నాడు. పెన్ను మూత పెట్టి, ‘చూద్దాంలే’ అని కారెక్కి వెళ్ళిపోయారు. పుస్తకం అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడాది దాని రెండో ముద్రణ వచ్చింది. నాయన గురించిన పేరాగ్రాఫు అక్షరం మారలేదు. మేడమ్ దాన్ని కూడా తెప్పించి, కాగితాలు కుట్టి, నాయన ముందు పెట్టారు. ‘మళ్ళ రాయాల్నా?’ అని నాయన విసుక్కుని, ‘మొదటి పుస్తకం వెనక చూడుండ్రి’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ ఉపన్యాసకుడు ఒక్కసారైనా వచ్చి చదువుతాడని నాయన చాలాకాలం ఎదురుచూశాడు. లైబ్రరీకి వచ్చినప్పుడల్లా తలుపువైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. ఆ మనిషి ఎప్పుడూ రాలేదు. పుస్తకాల్లో రాసినంత ధైర్యం మనుషుల ముఖం చూడటానికి చాలలేదని నా అభిప్రాయం. నాయనకు హోటల్లో చాయ్ మాత్రం మళ్ళీ మొదలైంది. బజారులో కొందరు పలకరించేవారు, కొందరు తప్పుకుపోయేవారు. తన తప్పు తానే చెప్పుకున్నాక ఇంకొకరు చెబుతారన్న భయం పోయిందేమో, ఆయన తల ఎత్తుకుని నడిచేవాడు.

దెబ్బ మేడమ్‌కు తగిలింది. రిటైరయ్యాక కూడా ఉద్యోగంలో ఇంకొన్నేళ్ళు ఉంచుతామని ట్రస్టు అంతకుముందు మాట ఇచ్చింది. ఆ మాట ఎత్తడం మానేశారు. రిటైర్మెంటు నాటికి, మరమ్మతుల కోసం వెనక రెండు గదులు ఖాళీ చేయాలని టైపు చేసిన కాగితం ఒకటి వచ్చింది. మేడమ్ దాన్ని తిప్పి చూసి, ‘గిది గూడ సంతకం లేకుంటనే వచ్చింది’ అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా వల్ల, మా నాయన వల్ల ఆవిడకు గూడు పోయింది. నేను కూడా రాజీనామా చేస్తానని ఎగిరాను. ఆవిడ గట్టిగా కసిరారు. ‘నువ్వు పోతె ఇంకెవరో వస్తరు. మొదటి పని ఏం చేస్తరో తెలుసా? వెనక కాగితాలు చింపుతరు. నోరు మూసుకుని నా కుర్చీల కూసో.’ ఆవిడ మెదక్‌కు వెళ్ళిపోయే రోజు, నాయన దుకాణంనుంచి కొబ్బరితాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ట్రంకు పెట్టెలు, కుట్టు సామాను, లై గిన్నె అన్నీ తానే కట్టి ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు.

“విఠలయ్యన్నా, ఇప్పుడు మీరు నాకు గూడ అమ్ముడుపోయిన్రని రాస్తరేమో,” అన్నారు మేడమ్.

“రాయనియ్యి అమ్మా. చదివి, వెనక రాస్త,” అన్నాడు నాయన.

ఇద్దరూ నవ్వారు. ఆటో సందు మలుపు తిరిగాక నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, నేను ఆ కుర్చీలోనే ముసలిదాన్ని కావడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఆ పుస్తకం తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. అలా చాలా రోజులు వచ్చింది. నేను పెద్దగా పట్టించుకోలేదు, పరీక్షల రోజులు, లైబ్రరీ నిండా పిల్లలే. ఆమె రావడం మానేశాక పుస్తకం సర్దుతూ వెనక తెరిచాను. నాయన రాత కింద, కాస్త వణికిన అక్షరాలు. ‘ఆ రోజు చనిపోయింది మా అత్తమ్మ. షట్టర్ కొట్టి తాడు అడిగింది నేను. ఇంకా బకెట్ కావాలి, మావాళ్ళు వస్తారు, షట్టర్ దించకండి అని ఆయనను బతిమాలింది కూడా నేనే. ఆ మాట ఆయన రాయలేదు. ఆ తర్వాత మేం ఊరు వదిలి వెళ్ళాం, ఆయన పేరు పుస్తకంలో పడిందని మొన్నటిదాకా నాకు తెలియదు. పుస్తకం మొత్తం చదివాను.’ కింద సరోజ అని సంతకం. నేను నిలబడిన చోటే ఏడ్చాను. లైబ్రరీలో పిల్లలున్నారని కూడా చూసుకోలేదు.

నాయనకు అప్పటికి చూపు బాగా మందగించింది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆయన మళ్ళీ చదవమన్నాడు.

“మరి గీ మాట నువ్వెందుకు రాయలే నాయనా?”

“చావైన ఇంటోళ్ళను పుస్తకంల ఎక్కిచ్చుడెందుకు? ఆమె దించొద్దన్నది నిజమే. గిరాకికి అమ్మింది నేనే కద,” అన్నాడు. కొంచెం సేపటికి, “సంతకం పెట్టిందా?” అని అడిగాడు.

“పెట్టింది.”

ఆయన చెయ్యి చాచి, ఆ సంతకం ఎక్కడుందో నా చేత వేలు పెట్టించుకుని, కాగితం తడిమి చూశాడు. “రూతమ్మకు చెప్పు,” అన్నాడు.

మెదక్‌కు ఫోన్ చేశాను. మేడమ్ గొంతు సన్నబడింది కానీ వెనకటి జోరు పోలేదు. అంతా విని, ‘దేవునికి స్తోత్రం’ అన్నారు. తర్వాత ఉన్నట్టుండి, ‘నువ్వేం రాసినవ్?’ అన్నారు.

“నేనేం రాస్త మేడమ్? లైబ్రేరియన్ రాయొద్దని మీరే అన్నరు కద.”

“అన్న. ఆ పుస్తకం మీద నాకు శాన కోపముండె అరుణా. మీ నాయన పేజీ కింద గూడ, ‘ఈ మనిషిని నేనెరుగుదును’ అని ఒక్క మాట రాయాలనుండె. రాయలే. గొప్ప పని చేస్తున్న అనుకున్న. ఇప్పుడు గీడ ఒక్కదాన్నే కూసుంటె అనిపిస్తది, చైర్మన్ సార్ లెక్కనే నేను గూడ పెన్ను మూత పెట్టుకున్న.”

కాదు మేడమ్ అని నేను ఎంతో చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు, మార్కెట్లో సీతాఫలాలు వచ్చాయా అని అడిగి ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాతి ఏడాదే పోయారు. ఆ వెనకే నాయన కూడా. వాళ్ళిద్దరి నుంచి నాకు ఆస్తిగా దక్కింది ఆ కుర్చీ, దబ్బనం, ఒకే ఒక ప్రశ్న. ఆఖరి దాకా చదివినవా? ఎన్నో ఏళ్ళుగా అందర్నీ ఆ ప్రశ్నే అడుగుతూ వచ్చాను. ఇప్పుడు ఈ కొత్త పుస్తకం వచ్చి, అదే ప్రశ్న నన్ను అడిగింది. పళ్ళు పటపట కొరుకుతూ, మధ్యలో రెండుసార్లు గోడకేసి కొట్టబోయి, ఆఖరి పేజీ దాకా చదివాను. అందులో నాకు నచ్చిన వాక్యం ఒక్కటి దొరికింది. దానికి ఇంకా ఒళ్ళు మండింది.

యూసుఫ్ పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. అతనికీ టీవీ ఉంది, అట్ట చూడగానే గుర్తుపట్టాడు.

“గీ పుస్తకానికి గూడ వెనక తెల్ల కాగితాలు కుట్టాల్నా అమ్మా? ఎప్పటిలెక్కనేనా?”

“జర ఎక్కువనే కుట్టు యూసుఫ్,” అన్నాను. “నాకే రెండు పేజీలు కావాలె.”